మద్దిచెట్టు, దసలిపురుగు

హన్మకొండలో అద్దె ఇల్లు, కింది వాటా. స్కూల్ ప్రాజెక్టు ముందేసుకుని యమున, ఆమె కూతురు పూజ.

“మద్దిచెట్టు గురించి ఏం రాసినవ్, చదువు.”

“పెద్దగయితది. నీడనిస్తది. నిలబడ్డకాడనే ఉంటది.”

“మంచిగుంది. ఇగ పట్టు అల్లే దసలిపురుగు?”

“అది స్వప్నాంటీ చెప్పింది…”

“మళ్ళ మీది వాటాకు పోయినవా?”

“పట్టుకాయలు ఆంటీ దగ్గరనే ఉన్నయ్ కదమ్మా.”

“నేను బీఎస్సీ బాటనీ. నన్ను అడగొద్దా?”

“నిన్ను చెట్టు గురించి అడిగిన కదా!”

“సరే, చదువు.”

“రెక్కలొచ్చినంక దానికి నోరు పనిచేయదు. ఏం తినదు. గుడ్లు పెట్టి సచ్చిపోతది.”

“అబ్బో, పాపం! అంతకుముందు ఆకులన్నీ మేసింది రాసినవా? ముందు అది రాయి.”

“మద్దికి మళ్ళ చిగుర్లొస్తయంట. ఆంటీ అన్నది.”

“ఆఖరుకు చెట్టే గొప్పదని రాయి.”

“టీచర్ ఏది గొప్పదని అడగలే. పోలికలు, తేడాలు అడిగింది.”

“నీకేది నచ్చింది మరి?”

“దాని రెక్కలమీద కండ్లున్నట్టే ఉంటయమ్మా! ఇంత పెద్దగ…”

“అడిగింది చెప్పు.”

“…రెండూ.”

“అన్నం అక్కడ్నే తిన్నవా?”

“జరంత.”

“ఏం కూర?”

“టమాట.”

“నేను జేస్తే పక్కకు పెడ్తవ్.”

“అమ్మా, ఊకో!”

“ఇటు తిరుగు. ఈ జడ నేనేసింది కాదే.”

“ఊడిపోతే ఆంటీ ఏసింది.”

“రబ్బరు తియ్యి, నేనేస్త. రేపటిసంది మీదికి పోవద్దు. చెప్తున్న.”

“ఎట్ల పోత? ఆంటీ సామాన్లు కట్టుకుంటాంది.”

“అవునా… ఎందుకంట?”

“ఓనర్ సార్ ఖాళీ చేయమన్నడు. ఆంటీ దారం తీయనీకి కాయలు ఉడకబెడ్తది కదా. లోపల పురుగులు పానంతోనే ఉంటయని సార్‌కు ఎవరో చెప్పిన్రంట. సార్ వాళ్ళింట్ల గుడ్డు సుత ముట్టరు. నా ఇంట్ల గసొంటి పని వద్దన్నడంట.”

“తల కదిలించకు… ఎవరు చెప్పిన్రో ఆమెకు ఎరుకేనా?”

“ఎరుకలేదు. నన్నడిగింది.”

“నిన్నా? నువ్వేమన్నవ్?”

“నాకూ తెల్వదన్న.”

“మంచిగన్నవ్. మనకెందుకు వాళ్ళ ముచ్చట.”

“అమ్మా, జడ గట్టిగ గుంజకు. నువ్వు సార్‌తోని చెప్పేటప్పుడు నేను మెట్లమీదనే ఉన్న.”