రెండో ప్యాకెట్టు

షెడ్డు బయట మంచు పడుతోంది. పాత కారు బానెట్ ఎత్తి చూస్తున్న మెకానిక్, కారు యజమాని అయిన తన బావ వైపు తిరిగాడు.

"హీటర్ మొత్తం పూడుకుపోయింది. రేడియేటర్లో ఏం పోశావు బావా?"

"నీళ్లు కారుతున్నాయని లీకు ఆపే పొడి పోశాను."

"ఒక ప్యాకెట్టేనా?"

"రెండు. ఒకటి కొంటే ఇంకోటి ఊరికే ఇచ్చాడు. పారేయమంటావా?"

"ఆ రెండోదే హీటర్ని మూసేసింది. కొత్తది వేయిద్దామా?"

"దాని ఖరీదులో సగానికి ఈ కారే వస్తుంది. వేరే దారి చెప్పు. సాయంత్రం మీ అక్కనీ పసిబిడ్డనీ ఆస్పత్రి నుంచి తేవాలి. ఈ మంచులో టాక్సీలు కూడా తిరగడం లేదు."

"హీటర్లోకి వెనక వైపు నుంచి నీళ్లు ఎదురు కొట్టి కడగొచ్చు. కానీ పాత సరుకు. పగిలిందంటే ఇక వేడి రాదు."

"ఇప్పుడు మాత్రం వస్తోందా? కొట్టు."

"తర్వాత అక్క నన్ను తిట్టకూడదు."

"నన్నే తిడుతుందిలే, అలవాటేగా. తిప్పు కుళాయి."

"చూడు, ఎంత బురదో!"

"ఆ చప్పుడేంటి? పగిలిందా?"

"గడ్డ కదిలింది. కాసేపు మాట్లాడకు."

నీళ్లు తేటపడ్డాక గొట్టాలు బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేశారు.

"లోపల కూర్చుని గాలి దగ్గర చెయ్యి పెట్టు బావా. ఎలా వస్తోంది?"

"చల్లగా."

"ఇంజిన్ వేడెక్కనీ."

"ఇంకా చల్లగానే ఉందిరా."

"ఆగమన్నానా!"

మెకానిక్ చేతులు తుడుచుకుని, తెరిచి ఉన్న కారు తలుపు దగ్గరికి వచ్చాడు.

"బావా? పలకవేం? ఏమైంది?"

"తలుపు వెయ్యరా. వేడంతా బయటికి పోతోంది."