ముఖం నిండా కట్టు

మేకప్ గదిలో అద్దం ముందు సీరియల్లో పెద్దకోడలి వేషం వేసే నటి కూర్చుని ఉంది. వెనక మేకప్ అక్క తెల్లటి గుడ్డ చుట్ట విప్పుతోంది.

"ఇవాళ రంగు పుయ్యవా అక్కా?"

"కథలో నిన్ను కారు గుద్దేసింది కదమ్మడూ. ముఖమంతా కట్టే."

"హాయి. డైలాగుల్లేవు, మూలుగుతూ పడుకుంటే సరి."

"ఊఁ."

"రోజూ వసపిట్టలా వాగేదానివి, ఇవాళ ఊఁ ఏంటి?"

"తల కదపకు."

"ఇంతకీ కట్టు ఎప్పుడు విప్పుతారట?"

"సోమవారం."

"సోమవారం నాకు షూటింగ్ లేదన్నారే."

అక్క గుడ్డ అంచు ఆమె నుదుటి మీద ఆనించి మొదటి చుట్టు తిప్పింది.

"నిజం చెప్పు. విప్పితే లోపల వేరే అమ్మాయి ఉంటుందా?"

"ప్లాస్టిక్ సర్జరీ అని రాశారు తల్లీ."

"ఓహో. ఎనిమిదేళ్ళ కిందట నేనూ కట్టులోంచే ఊడిపడ్డాను కదూ."

"ఆ కట్టు విప్పింది కూడా నేనే."

"నాకు ముందు ఈ వేషం వేసినావిడకి కట్టిందీ నువ్వేగా. ఏడ్చిందా?"

"లేదు. ముక్కు దగ్గర కాస్త వదులుగా కట్టమంది."

"నాకూ అలాగే కట్టు."

"సరే."

"కళ్ళ మీద మాత్రం ఇంకో రెండు చుట్లు ఎక్కువ వెయ్యి."