కామారెడ్డిల కరెంటు పోతే

"నేను గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు" అని బీరయ్య మొదలుపెట్టిండంటే ఇంక ఆ పూట ఎవ్వలు కదలరు. ఆ పొద్దు ముసురు పట్టింది. ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుంగ రుక్మాబాయి చాయ్ హోటల్ల, రేకుల కింద ముడుచుకొని కూసున్నం. నాగిరెడ్డిపేట బస్సు ఎప్పుడొస్తదో ఎవ్వలకు తెల్వదు. కరెంటు ఆఫీసుల పనిచేసే రమేశ్ పకోడి ప్లేటు పట్టుకొని వచ్చి బీరయ్య పక్కకే జాగ చేసుకున్నడు. ముసలాయనను ఎగేసుడు వానికి సరదా.

"కాకా, నువ్వు అప్పట్ల ఏవో డబ్బలు నడిపినవట?"

"డబ్బలు గాదురా, సర్వర్లు. వాయిస్ మెయిల్ సర్వర్లు. మీ సొంటోళ్ల నోట్ల డబ్బలయినయ్."

బెంచీ చివరికి ఒక లంబాడా ఆమె కూసున్నది. తల నెరిసింది, ఒళ్లె బట్టల మూట, పిడికిట్ల పాత బటన్ల ఫోను. ఆమె పొద్దుగాలనే వచ్చి రుక్మాబాయిని "డబ్బల బీరయ్య అంటే ఎవలమ్మా?" అని అడిగింది. బీరయ్య మాట షురూ చేసేసరికి మధ్యల అడుగుడు ఎందుకని ఊకున్నది. ఇప్పుడు సర్వర్ల మాట వినపడంగనే ఇటు తిరిగింది.

"అన్నా, నేను తారిని. పోచారం చెరువు అవుతల తండా మాది. ఆ డబ్బలల్ల పాత మాటలు గూడ ఉంటయా?"

"ఉండకేం చెల్లె! ఎవల మాట వాళ్లది భద్రం. ఒక్కటి పోలే."

"మా ఆయనది ఒకటుండె. లక్పతిది. గది వినేటందుకే వచ్చిన."

"ఉంటది, ఉంటది. ముందుగాల అసలు సంగతి విను." బీరయ్య చాయ్ గిలాస పక్కకు పెట్టిండు. ఇంక ఆపేటోడు లేడు.

"వాట్సాపు లేని రోజులవి. తండాలకెళ్లి జనం చెరుకు నరక మహారాష్ట్ర పోయేది. వాళ్లకు ఫోన్ చేసే తీరిక దొరికినప్పుడు ఇక్కడ ఆడోళ్లు నాట్లల్ల ఉండేది, వీళ్లు ఇల్లు చేరేసరికి వాళ్లు లారీల చెరుకు నింపుతుండేది. మాట మాట కలిసేది కాదు. అప్పుడు వలస కూలీల సంఘపోళ్లు ఒక నంబరు పెట్టిండ్రు. దానికి ఫోన్ చేసి మాట చెప్తే సర్వర్ల పడుతది, ఇంటామె తీరికగ అదే నంబరుకు చేసి ఒకటి ఒత్తితే పెనిమిటి మాట వినపడుతది. మళ్ల ఒత్తితే మళ్ల వినపడుతది. ఆ సర్వర్లు రెండు, ఒకటి కామారెడ్డిల, ఒకటి గీ ఎల్లారెడ్డిల, ఎరువుల దుకాణం మీది అర్రల. రెంటికి నేనే పెద్దదిక్కు."

"పెద్దదిక్కా? ఊడ్చి తాళం వేసేటోనివని విన్న" అన్నది రుక్మాబాయి పొయ్యి కాడికెళ్లి.

"ఊడ్చిన. ఊడ్వకపోతే దుమ్ము పట్టదా? దుమ్ము పడితే మాట బొంగురు పోదా? హైదరాబాదుకెళ్లి వాటిని బస్సుల తెచ్చిందెవలు? కండక్టరు లగేజి అన్నడు. లగేజి నీ అయ్య, ఇవి అక్కాచెల్లెండ్లు, సీటుకు టికెటు కొట్టు అన్న. కొట్టిండు. ఒకామె కిటికీ పక్క సీటు అడిగితే ఇయ్యలే. అక్కను కామారెడ్డిల దించిన, చెల్లెను ఒళ్లె పెట్టుకొని గీడికి తెచ్చిన. తొవ్వ పొడుగుత అక్క కోసం కుయ్ కుయ్ అన్నది పాపం."

మేమందరం నవ్వినం. తారి నవ్వలే.

"గది సరే కాకా, రెండెందుకు? ఒకటి చాలదా?" అన్నడు రమేశ్.

"కామారెడ్డిల కరెంటు పోతే? గదీ లెక్క! అక్క పండుకుంటే చెల్లె లేస్తది, చెల్లె పండుకుంటే అక్క లేస్తది. అక్క చెవుల ఏది పడితే చెల్లె చెవుల అదే పడుతది, అక్క ఏం చేస్తే చెల్లె గూడ అదే చేస్తది, రెప్పపాటు తేడా రాదు. అవి ఎప్పటికీ ఒకదాన్నొకటి పిలుచుకుంటనే ఉంటయి. 'ఉన్నవా?' 'ఉన్న.' 'ఉన్నవా?' 'ఉన్న.' ఒకపారి జవాబు రాలేదనుకో, రెండోది లేచి మొత్తం పని మీదేసుకుంటది. తీగకు చెవి ఆనిస్తే నాకు వినపడేది. ఇప్పటికీ నిద్ర పట్టకపోతే గదే యాదికొస్తదిరా. ఆలుమగలు గూడ గంత సోయితోని ఒకరినొకరు పిలుచుకోరు."

కొద్దిసేపు వాన దిక్కు చూసిండు. మళ్ల అందుకున్నడు.

"హైదరాబాదుకెళ్లి వచ్చిన సారుకు నా మీద నమ్మకం లే. పరీక్ష చేద్దామన్నడు. చేసిన. బాబూలాల్ అనేటోడు చెరుకు తోటకెళ్లి మాట్లాడుతున్నడు, వాడు 'చెరుకు' అంటుండంగ, 'చె' కామారెడ్డిల పడంగనే అక్క ప్లగ్గు గుంజి పారేసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'రుకు' ఎల్లారెడ్డి దిక్కు మళ్లింది! సారు నోరు తెరిచిండు. నేను ఊకున్ననా? మోటారు సైకిల్ తీసి, ఎల్లారెడ్డిల మంచిగ పడుతదా లేదా చూద్దామని ఉరికొచ్చిన. వచ్చేసరికి 'రుకు' ఇంకా లింగంపేట మూల తిరుగుతున్నది. దాన్ని ఓవర్‌టేక్ చేసి వచ్చి తలుపు తెరిచి పట్టుకున్న."

"మాట కంటె ముందుగాల నీ బండి వచ్చిందా?" అన్నడు రమేశ్.

"అప్పటి బండ్లు గట్ల ఉండేది బిడ్డా. ఇప్పటివి ఎందుకు పనికొస్తయి?"

రుక్మాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. బీరయ్యకు గది చాలు.

"లింగంపేట అంటే యాదికొచ్చింది. అక్కడ తీగ మీద కొంగలు వాలేది. బరువుకు తీగ కిందికి జారేది, జారినకాడ మాటలు కారేది, చూరుకు వాన కారినట్టు. తీగ కిందనే ఆడోళ్లు కూసోని బీడీలు చేసేది. ఎవని మాటో ఆకుల పడి బీడీల చుట్టుకపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కడనో ఎవడో ఆ బీడీ ముట్టిచ్చి ఒక దమ్ము గుంజిండు. పొగలకెళ్లి 'పిల్లగాండ్లు మంచిగున్నరా' అని వినపడ్డది. వాడు బీడీ తాగుడే మానేసిండు. నేను ఊరూరు తిరిగి ఆ కట్టలన్ని కొనుక్కొచ్చి, ఒక్కొక్క బీడీ విప్పి, ఏ మాట ఎవలదో వాళ్లకు అప్పజెప్పిన. చెప్తున్న కద చెల్లె, ఒక్క మాట పోలే."

"మంచి పని చేసినవు అన్నా" అన్నది తారి. గొంతుల ఎక్కిరింపు లేదు. ఆమె నిజంగనే అన్నది. మాకు గది ఇంకా నవ్వొచ్చింది. ఎందుకు నవ్వినమో ఇప్పుడు తలుచుకుంటే తల దించుకోబుద్దయితది.

"గది గాదు గొప్ప. ఒక గాలివానకు కామారెడ్డిల కరెంటు పోయింది, ఎల్లారెడ్డిల గూడ పోయింది."

"రెండు దిక్కుల ఒక్కపారే పోయిందా? మా ఆఫీసు మీద పెడుతున్నవా కాకా?"

"మీ ఆఫీసుది కాదు పాపం, ఆ దినం మొగులుదే పాపం. బ్యాటరీలు గూడ కూసున్నయి. అక్క 'ఉన్నవా' అంటే చెల్లె పలుకుతలేదు. అవుతల తోటలల్ల మనుషులు మాటలు చెప్తనే ఉన్నరు, నడిమిట్ల ఆగిపోతే ఎట్ల? ఒక తీగ ఈ చేతుల పట్టుకున్న, ఒక తీగ ఆ చేతుల పట్టుకున్న. మొత్తం మాటలు నా ఒంట్లకెళ్లి పోయినయి! భుజం మీద 'కూలీల మేస్త్రి ముకద్దం పైసలియ్యలే', బొక్కలల్ల 'జ్వరం తగ్గింది', మోకాలు కాడ ఎవల్దో ఏడుపు. కరెంటు వచ్చినంక తీగలు వదిలేసిన, ఇంటికొచ్చిన. మా ఇంటామె గంగామణి పప్పుల ఉప్పు సరిపోయిందా అని అడిగింది. నోరు తెరిచిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా నోట్లకెళ్లి ఎవడో పడుచు పిలగాని గొంతు, 'పండుగకు రాను, నువ్వు మీ అవ్వగారింటికి పో' అన్నది!"

"గంగామణి అక్క ఏం చేసింది?" అని అడిగింది రుక్మాబాయి.

"గంటెతోని కొట్టింది. కొట్టినకొద్ది ఒక్కొక్క గొంతు బయటికొచ్చింది. సంగతి తెలిసి తండాలకెళ్లి జనం వచ్చి మా వాకిట్ల కూసున్నరు. ఎవలొస్తే వాళ్ల మనిషి గొంతు నా నోట్లకెళ్లి వచ్చేది. ఒక ముసలవ్వ కొడుకు గొంతు విని నా చెంపలు నిమిరింది. వాళ్లందరు ఇప్పుడేరి? సంఘం లేదు, ఆ అర్రల యూరియ బస్తాలున్నయి. ఆ నంబరు కొడితే మోగను గూడ మోగదు. అప్పుడప్పుడు కొట్టి చూస్త."

కొట్టి చూస్త అన్నప్పుడు ఆయన గొంతుల గొప్పల కోతలు లేవు. గది పట్టుకొని రమేశ్ అడిగిండు. "గంత గట్టివి ఎట్ల బందయినయి కాకా? ఒకటి పడితే ఒకటి లేస్తదంటివి."

"నిండినయిరా. మనుషుల మాటలు నిండక ఏం జేస్తయి? కొత్త మాట పడుతలేదు. హైదరాబాదు సారుకు ఫోన్ చేస్తే ఎత్తడు. జనం తిడుతున్నరు. అప్పుడు నేను బుద్ధితోని ఆలోచన చేసిన. చెల్లె దగ్గర అన్నీ ఉన్నయి కద, అక్కను ఖాళీ చేద్దాం అనుకున్న. కామారెడ్డిల కూసోని ఒక్కటే బటను ఒత్తిన. అక్క దూదోలె తేలికైంది. ఇంజనీర్లకు గూడ రాని ఆలోచన! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నాకు తెలుసు అన్నా" అన్నది తారి.

ఆయన అడిగేదే గని, ఆ మాటకు ఎవ్వలు ఎన్నడు జవాబు చెప్పలే. బీరయ్య నోరు తెరిచినోడు తెరిచినట్టే ఉన్నడు.

"ఆ తర్వాత నేను ఫోన్ చేసిన. దినాము చేసెటిదాన్నే. చెరుకు ట్రాక్టరు బోల్తపడి మా ఆయన అక్కడనే పోయిండు. గంతకుముందు చెప్పిన మాట ఒకటి డబ్బల ఉండె. దుప్పటి మరిచిపోయి వచ్చిన, పంపకు, ఇక్కడ చలి అంత లేదు, అని. గంతే మాట. దినాము పొద్దుమీకి విని పండుకునేది. ఒకనాడు చేస్తే 'మీకు మాటలేవీ లేవు' అన్నది. తెల్లారి సంఘం ఆఫీసుకు పోయిన. నువ్వే ఉన్నవు అన్నా. నీకు యాదికి లేకపోవచ్చు. కామారెడ్డి డబ్బ ఖాళీ చేసినం, ఎల్లారెడ్డి డబ్బల భద్రంగ ఉన్నది, కామారెడ్డిల కరెంటు పోయినప్పుడు చెయ్యి, ఇది ఎత్తుతది అన్నవు."

రుక్మాబాయి స్టవు మంట తగ్గించింది.

"మా బిడ్డ రేఖ కామారెడ్డిల బట్టల దుకాణంల పనిచేసేది. బిడ్డా, అక్కడ కరెంటు పోతే నాకు ఫోన్ చెయ్యి అన్న. మొగులైతే చాలు, ఫోన్ పట్టుకొని కూసునేది. గాలివాన రావాలె, కామారెడ్డిల కరెంటు పోవాలె అని మొక్కిన. ఒకనాడు పోయింది. రేఖ ఫోన్ చేసింది. మాట అయినంక వానకు మా తండాల సిగ్నల్ పోయింది, గుట్ట ఎక్కి చేసిన. చెల్లె ఎత్తింది. గది గూడ 'మీకు మాటలేవీ లేవు' అన్నది."

రమేశ్ ప్లేటు కింద పెట్టిండు.

"నేను తప్పి మాట తుడిచే బటను ఒత్తినేమో, నా చేతులనే పోయిందేమో అనుకున్న అన్నా. ఇన్నేండ్లు గదే అనుకుంట బతికిన. గుట్ట ఎక్కిన ఆయాసంల ఏది ఒత్తిన్నో అని. మొన్న మా తండాయన చెప్పిండు, బీరయ్య ఇంకా ఉన్నడు, ఒక్క మాట గూడ పోలేదని అందరికి చెప్తడు అని. గందుకే వచ్చిన. ఇయ్యాల నీ నోటనే విన్న కద. అక్క ఏం చేస్తే చెల్లె గూడ అదే చేస్తది అని. అక్కను తుడిస్తే చెల్లె గూడ తుడుచుకున్నది. అంటే నేను ఒత్తింది మంచిగనే ఒత్తిన."

బీరయ్య గిలాస అందుకోబోయిండు. అందలే.

"చెల్లె, గది... ఆ సారు ఫోన్ ఎత్తితే..."

"ఆయనను ఎందుకు అనుడు." తారి లేచి ఆయన ముంగటికి వచ్చి నిలబడ్డది. "మాటలన్ని నీ ఒంట్లకెళ్లి పోయినయి అంటివి. నిజమో అబద్దమో నాకు తెల్వదు. నేను చదువుకున్నదాన్ని గాదు. ఒక్కపారి నోరు తెరువు అన్నా. మా ఆయన గొంతు వస్తదేమో వింట."

ఎవ్వలన్న నవ్వితే బాగుండు అనిపించింది. ఆమె పరాచికం ఆడుతలేదు. తల ఒక దిక్కు వంచి, ఫోను చెవికి పెట్టుకున్నట్టు, నిలబడ్డది.

బీరయ్య ఆమె దిక్కు చూసిండు, మా దిక్కు చూసిండు. ఆయన ఏం చెప్పిన మేము కాదనేటోళ్లం గాదు. గొంతు సవరిచ్చుకున్నడు.

"తారీ... దుప్పటి పంపకు... ఇక్కడ చలి..."

"ఆయన నన్ను పేరు పెట్టి ఎన్నడు పిలువలే అన్నా" అన్నది తారి నెమ్మదిగ. "గొంతు గూడ నీదే."

బీరయ్య తల కిందికి వంచిండు.

"మాటలు నాకు యాదికున్నయి. అవి ఎటు పోవు. గొంతే, ఏడాదికింత ఏడాదికింత దూరమైతున్నది."

నాగిరెడ్డిపేట బస్సు వచ్చి బురదల ఆగింది. ఆమె ఫోను రొండిన దోపుకొని, మూట తలకెత్తుకొని వానలనే నడిచింది. కండక్టరు చెయ్యిచ్చి ఎక్కించుకున్నడు. బస్సు మూల తిరిగినంక గూడ బీరయ్య అటే చూస్తున్నడు.

రుక్మాబాయి చల్లారిన గిలాస తీసి ఇంకో చాయ్ పెట్టింది. ఆఖరికి రమేశే, ఎగేసేటందుకు గాదు, ముసలాయన గట్ల ఉంటే చూడలేక, మెల్లగ అడిగిండు.

"ఆ తర్వాత ఏమైంది కాకా?"

బీరయ్య కొత్త చాయ్ గిలాస పక్కకు జరిపిండు.

"ఆమె బస్సెక్కింది" అన్నడు. "గంతే."