దొరసాని ఉత్తరం

ఆవిడ ఫొటో ఇవాళ చూశానండీ. ఏముందండీ ఆ మొహంలో! గుండ్రటి కళ్లద్దాలు, లోపలికి పోయిన బుగ్గలు. ఈవిడకేనా, మీరు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఉత్తరం రాసేవారు?

నవ్వకండి. ఫ్రేములో ఉన్నా మీ నవ్వు నాకు తెలుసు.

మన మనవరాలు జెస్లిన్ ఫోనులో వెతికి చూపించింది. మిస్ జీన్ లింజీ. స్కాట్లండులో ఆవిడదీ జనపనార మిల్లుల ఊరేనట. పన్నెండో ఏటే మగ్గం దగ్గర చేరింది. ఆ మోతకి చెవుడొచ్చి, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకునేదట. పార్లమెంటులో పదేళ్లు మిల్లు ఆడవాళ్ల కోసం పోట్లాడింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. అదేగా నా ఏడుపు!

ఏలూరు మిల్లులో మీరు యూనియన్ సెక్రటరీ, నేను గోనెసంచులు కుట్టేదాన్ని. ధూళికి మనవాళ్లు దగ్గి చస్తున్నారని ఆవిడకి రాశారు. ఆవిడ జవాబిచ్చింది. అంతే, ఇంక మిమ్మల్ని పట్టగలమా?

"వదినా, దాసన్నకి దొరసాని మళ్లీ రాసింది, జాగ్రత్త!" అనేవాడు మీ యూనియన్ అంజయ్య. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. లోపల పచ్చిమిరపకాయ నమిలినట్టుండేది.

మీరేమో కంచం ముందు కూర్చుని, "మిస్ లింజీ ఏమందో తెలుసా బాలా..." అని మొదలెట్టేవారు. పులుసులో ఉప్పుందో లేదో ఒక్కనాడన్నా చెప్పారా?

డెబ్బైనాలుగులో ఆవిడ ఎలక్షన్లో ఓడిపోయిందని రెండు రోజులు సరిగ్గా తినలేదు మీరు. నెల తిరక్కుండా కవరొచ్చింది. పోస్ట్‌మ్యాన్ నా చేతికే ఇచ్చాడు. నాకు అక్షరం రాదు గానీ రాణి తలకాయ ఉన్న స్టాంపు చూస్తే తెలీదూ?

మీకివ్వలేదండీ. చింపుదామంటే చెయ్యి రాలేదు. దబ్బనం తీసి, బైబిలుకి నేను తొడిగిన గోనెగుడ్డ అట్టలో పెట్టి కుట్టేశాను.

ఆ బైబిలే నాతో కెనడాలో ఈ ఓక్‌విల్ దాకా వచ్చింది. పొద్దున అల్లుడు కార్ల ఫ్యాక్టరీ షిఫ్టుకెళ్లాక, కొత్త అట్ట వేస్తానని జెస్లిన్ పాతది కత్తిరించింది. కవరు జారిపడింది.

"అమ్మమ్మా, వాట్ ఈజ్ దిస్?"

లాక్కున్నాను. రెండేళ్లుగా లైబ్రరీ క్లాసులో ఇంగ్లీషు కూడబలుక్కుంటున్నా కదా, ఆవిడ మీకేం ఒలకబోసిందో నేనే చదువుతా అనుకున్నాను. కవరు మీదే ఆగిపోయానండీ. క్లాసులో నాకు మొట్టమొదట నేర్పిన మాట ఉందక్కడ. నా పేరు.

ఉత్తరం నాకండీ. మీకు కాదు.

"మీరు కుట్టిన సంచి లారీ కింద పడ్డా పిగలదని మీ ఆయన రాశారు. నేను ఇరవైనాలుగో ఏట, మిల్లు దిగాక, సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకున్నాను. మీరూ నేర్చుకోండి. మొదటి ఉత్తరం నాకే రాయండి. ఇప్పుడు నాకు తీరికే."

సగం నేను చదివా, సగం జెస్లిన్ చెప్పింది. రాద్దామంటే ఆవిడ ఎనభైతొమ్మిదిలోనే పోయిందట.

కుళ్లు పోయిందనుకుంటున్నారా? పోలేదండీ. ఇరవైనాలుగుకే దిద్దుకుంది, మహాతల్లి. ఆ కవరొచ్చిన రోజున నాకు ఇరవైమూడు.

ఎన్నేళ్లు అడిగారు, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "బాలా, పోస్ట్‌మ్యాన్ వచ్చాడా?" అని. రాలేదనేదాన్ని.

వచ్చాడండీ. నా కోసమే వచ్చాడు.