ఆంజనేయుడికి డోనట్ల దండ

హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ పక్క సందులో కొత్తగా తెరిచిన డోనట్ల షాపు. కౌంటర్‌కు అటు పింకీ, ఇటు కూకట్‌పల్లి రామ్మోహనరావు.

“అది కాదమ్మాయ్, దీనికి బొక్కేదీ?”

“బొక్కనా? ఇది వెజ్ సార్. బొక్కలు గిట్ట ఏముండవు.”

“వెజ్ అయితే ఉండదా? మా ఇంట్లో గారెకి కూడా ఉంటుంది!”

“గారెల బొక్కనా! మటన్‌తోని చేస్తరా సార్?”

“మటనా! శివశివా! బొక్కంటే చిల్లమ్మా, చిల్లు! మీకు బొక్కంటే ఎముక కదూ? ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా నా భాషకి పడ్డ చిల్లు పూడలేదు.”

“ఓ, చిల్లా! ఇది క్రీమ్ నింపింది సార్. చిల్లువి గా వరుసల ఉన్నయి.”

“అవే కావాలి. చిల్లు లేకపోతే దండ ఎలా గుచ్చను? గుడ్డు వెయ్యలేదుగా? గుడికి గుడ్డు గుడ్ కాదు.”

“గుడ్డు లేదు. కానీ గుడికేంది, డోనట్లేంది?”

“ఆంజనేయస్వామికి వడమాల మొక్కుకున్నాను. వడలు నేను వండితే స్వామి కొండెత్తుకుని పారిపోతాడు.”

“ఏమని మొక్కిన్రు?”

“మా ఆవిడ నాతో మళ్లీ మాట్లాడాలని.”

“ఏమంటిరి ఆమెను?”

“ఆమెనేమీ అనలేదు. నా బావమరిది వెంకట్ నిజాంపేటలో ఫ్లాట్ కొన్నాడు. గృహప్రవేశం. మా ఆవిడ అక్కగారు గుమ్మంలో అడుగు పెట్టింది. నేను ఊరుకోవచ్చు కదా? ‘గృహప్రవేశం అయింది, ఇక గ్రహప్రవేశం’ అన్నాను.”

“అమ్మో! ఆమె విన్నదా?”

“మైకులో అన్నాను.”

“మైకెందుకు సార్!”

“అంత మంచి శ్లేష వృథా చేస్తానా? ఒక్కడూ నవ్వలేదు. పురోహితుడు మాత్రం దగ్గాడు. అప్పట్నుంచీ ఇంట్లో మౌనవ్రతం. కూరలో ఉప్పు తక్కువైందని గోడకి చెప్పుకుంటున్నాను. గోడ కూడా అక్కగారి పక్షమే.”

“మరి ఇయ్యాల మాట్లాడిందా?”

“మాట్లాడింది! నేను ముసుగు తన్ని పడుకున్నాను. ‘సిగ్గు లేదూ, ఇంకా ఎంతసేపు?’ అంది. ఎంత కమ్మగా ఉందో ఆ తిట్టు! లేచి స్కూటరేసుకుని ఇలా పరిగెత్తుకొచ్చాను.”

“వడలు ఆమెనే చెయ్యమనకపోయిన్రా?”

“నోరు విప్పిన పూటే పప్పు రుబ్బమంటే మళ్లీ మూసేస్తుంది. దారం ఉంటే ఇవ్వు, ఇక్కడే గుచ్చేద్దాం. చాక్లెట్‌వి వద్దు, స్వామి ఒంటికి అంటుకుంటుంది.”

“సార్... మీ ఎన్క ఎవరో ఆంటీ...”

“పుణ్యవతీ! నువ్విక్కడ...”

“అమ్మాయ్, మెట్రో దిగుతూనే బయట స్కూటర్ చూసి వచ్చానని ఆయనకి చెప్పు.”

“సార్, స్కూటర్ చూసి—”

“వినపడిందమ్మా! పుణ్యం, మధ్యలో ఈ పిల్లెందుకు? పొద్దున నాతో మాట్లాడావుగా?”

“పొద్దున నేను తిట్టింది వాటర్ ట్యాంకర్ వాడిని, ఫోన్‌లో. అదీ చెప్పు.”

“సార్, ట్యాంకర్—”

“వద్దు తల్లీ, అనువాదం వద్దు. అయితే ఆ తిట్టు కూడా నాది కాదన్నమాట. దండ గుచ్చుదామనుకుంటే దండగైంది. దండం పెట్టినందుకు దండన మిగిలింది! ఎలా ఉంది పింకీ?”

“జర ఆగున్రి సార్, ఆంటీ మొఖం సూడున్రి...”

“ఆ తీపి గారెలు అక్కడ పెట్టి, నోరు మూసుకుని పదండి! దేవుడి గదిలో అంత గట్టిగా మొక్కుకుంటే నాకు వినపడదనుకున్నారా? రాత్రే పప్పు నానబోశాను.”