సూది పట్టిన చెయ్యి

అల్బేనియాలోని కొర్చా ఊళ్లో, నర్సింగ్ బడి టీచరమ్మకి వియన్నా నుంచి వచ్చిన నిపుణుడు తన నివేదిక చదివి వినిపిస్తున్నాడు.

"మానవ వనరుల్లో మీ దేశం అట్టడుగున ఉందండీ. పని మీద శ్రద్ధ మీ సంస్కృతిలోనే లేదు."

"నోరు జాగ్రత్త, నాయనా! నిరుడు నా దగ్గర ముప్పైమంది నేర్చుకుంటే ఇరవై ఎనిమిదిమంది మీ దేశాలకే వెళ్లిపోయారు. ఇక్కడిచ్చే జీతం ఇంటద్దెకే చాలదు."

"జీతం సంగతి కాదమ్మా. మా ఊళ్లో మా నాన్నని చూసే నర్సుంది. కన్నకూతురు కూడా అలా చూడదు. సంస్కృతి అంటే అదీ!"

"ఆ పిల్ల పేరేమిటో?"

"మజ్లిండా. ఏ ఊరో ఎప్పుడూ అడగలేదు."

"ఎడమ చేత్తో సూది వేస్తుందా, నొప్పి తెలీకుండా?"

"అవును! మీకెలా తెలుసు?"

"ఆ చెయ్యి పట్టుకుని నేర్పింది నేనే గనక! ఇప్పుడు ఆ కాగితం తీసి చెప్పు, ఆ పిల్లని ఏ దేశం లెక్కలో రాసుకున్నారు?"