లెన్స్‌ల ఏం ఖరాబు లేదట

లేదు బాపిరాజన్నా, నువ్వు సరిగ చూడలే. గీ కెమెరా లెన్స్‌ను ఇంకోసారి ఇప్పు. పైపైన అద్దం తుడిచి, మూత బిగించి చేతుల పెడితే అయిపోతదా? మీర్‌పేట్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చిన నేను, ఏం లేదమ్మా అని చెప్పించుకునేటందుకా?

ఏంది, నాలుగు దినాలు పెట్టుకొని చూసినవా. చూసినవ్ లే. దిల్‌సుఖ్‌నగర్ మొత్తంల లెన్స్ పని నీ అంత తెలిసినోడు లేడని పదిమందికి చెప్పింది నేనే. అందుకే అడుగుతున్న. జర మంచిగ చూడు.

గీ ఫోటో చూడు. నిరుడు సరూర్‌నగర్ చెరువు కాడ తీసిన లకుముకి పిట్ట. ముక్కు కొసకు నీటి చుక్క ఉంది, ఆ చుక్క సుత కనవడుతుంది గదా? స్టాండ్ లేదు, ఏం లేదు. గింత పొడుగు లెన్స్‌ను ఉత్త చేతులతోని పట్టుకొని తీసిన. ఇగ గిది చూడు. పోయిన ఆదివారం చర్చి ఎగ్గొట్టి హరిణ వనస్థలికి పోయిన. కృష్ణజింక. దానికి కొమ్ములు రెండున్నయో నాలుగున్నయో నువ్వే చెప్పు. లెన్స్ మంచిగుంటే గిట్లొస్తదా?

స్టెబిలైజర్ బటనా? ఆన్‌లనే ఉంది. అది లేకుంటే ఇంత దూరం జూమ్ చేసినంక బొమ్మ నిలవడదని నాకు తెల్వదా? నేనేమన్న కొత్తదాన్ననుకున్నవా? మోచేతులు పక్కటెముకలకు ఆనియ్యాలె. ఊపిరి సగం వదిలి బిగపట్టాలె. అప్పుడు నొక్కాలె. ఇది నాకు ఫోటోలోళ్లు నేర్పియ్యలే అన్నా.

ఇరవై ఆరేండ్ల సంది చంటిపిల్లల వార్డుల నర్సును నేను. పుట్టి రెండు దినాలు కాని బిడ్డకు గ్లూకోజ్ ఎక్కియ్యాలంటే గిదే పద్ధతి. నా బొటనవేలంత మణికట్టు, దారమంత నరం. ఊపిరి బిగపట్టి సూది పెట్టాలె. ఎల్.బి.నగర్‌ల మా దవాఖానల ఎవ్వరికి నరం దొరకకున్నా, ఎలీశమ్మను పిలువుండ్రి అంటరు. డాక్టర్లు సుత.

దినమంత ఆ పిల్లల ఏడుపు ఇని ఇని, సెలవొస్తే నోరు లేని జీవాలను చూసుకుంట కూసుంట. పిట్ట కంట్ల వెలుగు వడితే నా పానం తేలికైతది. గంతే నా సోకు. నగలు లేవు, చీరలు లేవు. గీ లెన్స్ ఒక్కటే.

నువ్వు తీసిందా? ఏది, చూపెట్టు.

నీ కిటికిలకెల్లి తీసినవా, గా మెట్రో పిల్లర్ నంబర్. మంచిగనే వచ్చింది. గీ లెన్స్‌తోనే, నా కెమెరాతోనే తీసినవా? స్టాండ్ లేకుండనా?

నన్ను సుత తియ్యమంటవా. తీస్త, నాకేం భయం. ఆగు, మెట్రో పోతుంది, బిల్డింగ్ అదురుతది. పోనియ్యి. ఇగో, తీసిన.

ఇది కాదు, ఇంకోటి తీస్త.

ఇంకోటి.

నువ్వు స్క్రీన్ మీద ఆ బొమ్మను అట్ల పెద్దగ చెయ్యకన్నా. కనవడుతుంది నాకు.

ఒక పని చెయ్యి. లోపల స్ప్రింగ్ వదులైందని చెప్పు. లేకుంటే లోపల కదిలే అద్దం అరిగిందని చెప్పు. అబద్ధమే చెప్పు, నీకేం పోతది? కొత్తది ఎయ్యాలె, నెల దినాలు పడతదను. నెల దినాలు నేను నిమ్మలంగ ఉంట.

అవును, ఇన్న. రెండుసార్లు చెప్పినవ్. చేతుల వణుకు కొంచెముంటే స్టెబిలైజర్ ఆపుతది, ఎక్కువైతే దాంతోని కాదు. సమజైంది. అంటే ఎక్కువైందన్నట్టు.

నరాల డాక్టరుకు చూపెట్టుకోమంటవా? నువ్వు మెల్లగ, నొయ్యకుండ చెప్తున్నవ్. ఇరవై ఆరేండ్లు నేను తల్లులకు చెప్పింది గట్లనే. పోతే గీ రోగానికి ఏం పేరు పెడతడో నాకు తెలుసు అన్నా. అందుకే పోలే. మా ఇంటాయన ఆనంద్ కుమార్‌కు సుత చెప్పలే. సాసర్ మీద చాయ్ కప్పు టకటకమంటే, డ్యూటీ ఎక్కువైంది, నీరసమని చెప్పిన. ఆయన పోయి ఖర్జూరాలు తెచ్చిండు.

స్టాండ్ పెట్టుకొని తీసుకోమంటవా? జింకకు పెట్టుకుంట లే. బిడ్డ చేతి కాడ ఏం స్టాండ్ పెట్టుకోవాలె?

కూసుంట. నీళ్లు వద్దు, గ్లాస్ పట్టుకోను.

మొన్న బేస్తవారం ఒక పాప వచ్చింది. కిలోన్నర ఉంది. తల్లి జ్యోతిక, కొత్తపేట రైతు బజార్ల ఆకుకూరలు అమ్ముతది. ఆమె పెద్ద పిల్లకు సుత నేనే సూది పెట్టిన. ఎలీశమ్మ అక్కనే పెట్టాలెనని డాక్టర్‌ను బతిమిలాడింది. నాలుగుసార్లు గుచ్చిన అన్నా. ఒక్కటి ఎక్కలే. గా చెయ్యి ఉబ్బి నీలమైంది. పాపకు ఏడ్వనీకి సుత ఓపిక లేదు, నోరు తెరిచి ఊకె నన్నే చూసింది.

మా ఇంచార్జి వేదవతి మేడం వచ్చి ఏమైందని అడిగితే, పాప నరాలు మరీ సన్నగున్నయి మేడం అని చెప్పిన. డాక్టర్ వచ్చి కాలికి ఒక్కసారికే పెట్టిండు. జ్యోతిక నా రెండు చేతులు పట్టుకొని, నేను కడుపుతోనున్నప్పుడు సరిగ తినకనే గిట్లైందా అక్కా అని ఏడ్చింది. నేను అవునని తల ఊపిన.

ఊపిన అన్నా. గీ తలతోనే.

ఇంకోటి చెప్త, ఇను. గీ లెన్స్ ఎందుకు కొన్ననో తెలుసా? నువ్వే అడిగినవ్ అప్పుడు, పాతది మంచిగనే ఉంది గదమ్మా అని. దాంట్ల స్టెబిలైజర్ లేకుండె. దాంతోని చూస్తే పిట్ట ఒక్క తీరుగ ఊగుతుండె. మూడేండ్ల కింది మాట. గాలి కాదు, కొమ్మ కాదు. నాకు అప్పుడే తెలిసింది. ఊగకుండ చూపెట్టే లెన్స్ కావాలని కొన్న. అది నన్ను నాకు కనవడకుండ చేసింది, నేను ఖుషిగున్న. ఈ మూడేండ్లల్ల ఎంతమంది బిడ్డలను రెండోసారి గుచ్చిన, మూడోసారి గుచ్చిన, అందరి తల్లులకు నరాలు సన్నగున్నయనే చెప్పిన.

రెండు గంటలకు డ్యూటీ ఉంది. ఆ పాప కాలి సూది ఇయ్యాల తీసి ఇంకో కాడ పెట్టాలె. బోర్డు మీద నా పేరే రాసిండ్రు.

గిదిగో ఫోన్. వేదవతి మేడం నంబర్ కొట్టిన. నాకు నోరు వస్తలేదు, నువ్వే చెప్పన్నా. ఈమె చేతులు చూసిన, సూది పట్టనియ్యకుండ్రి అని చెప్పు. ఎనకకు జరుగుతవేంది? లెన్స్ మంచిగుందని చెప్పినోనివి, గా సగం నువ్వే చెప్పినవ్ గదా. మిగిలింది నువ్వే చెప్పు. పట్టుకో, మోగుతుంది.

ఎత్తింది.

మేడం, నేను ఎలీశమ్మను. లేదు, డ్యూటీకి ఆలస్యం కాదు. గా జ్యోతికను పిలువుండ్రి మేడం. ఆమె తిండిల ఏం తప్పు లేదని చెప్పాలె.